నలుడి ఉత్తరీయం, మా నాన్న కారు



ఈ వారం వీడియోలో నలోపాఖ్యానం చెప్పుకున్నాం కదా. అందులో ఒక మాట చెప్పబోయి ఆగిపోయాను. కెమెరా ముందు చెప్పడం కాస్త కష్టమనిపించింది. మా ఇంట్లో జరిగిన విషయం, అందులో నా తప్పు కూడా ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీలో చాలామంది నా వయసు వాళ్లే. జీతం, అద్దె, అమ్మానాన్నల మందులు, పాత కారో బైకో ఒకటి. అది ఒక్కరోజులో పోతే ఏం చేయాలి అన్నదే ఈ వారం పాఠం.

ఆ రోజు ఏం జరిగిందంటే

మాది 2011 మోడల్ వ్యాగన్-ఆర్. నాన్న రిటైర్ కాకముందు కొన్న కారు. ఆయన పోయాక ఆర్సీ నా పేరు మీదికి మార్చుకున్నాను. హైదరాబాద్‌లో నాగోల్ వైపు మా అపార్ట్‌మెంట్. పార్కింగ్ సెల్లార్‌లో.

గత వానాకాలంలో ఒక రాత్రి కుండపోత వాన పడింది. తెల్లారి వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టాడు. కిందికి వెళ్లేసరికి సెల్లార్‌లో నీళ్లు తీసేస్తున్నారు కానీ, నీళ్లు సీట్ల దాకా వచ్చి వెళ్లిన మరక కారు లోపల కనిపిస్తూనే ఉంది. ఆ రోజు పదకొండింటికి అమ్మకి ఫిజియోథెరపీ. మోకాలి ఆపరేషన్ అయి అప్పటికి రెండు నెలలు. ఆ కంగారులో కూర్చుని తాళం తిప్పాను. ఒక్కసారి టక్కుమని ఏదో తగిలినట్టు చప్పుడైంది. అంతే, ఆగిపోయింది.

మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తకముందే అడిగిన మొదటి ప్రశ్న, "అన్నా, తాళం తిప్పినవా?"

"తిప్పిన తమ్మీ."

ఇంకేమీ అనలేదు. తల అడ్డంగా ఊపాడు. తర్వాత వివరంగా చెప్పాడు. ఇంజన్ సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కుతుంది, గాలి నలుగుతుంది. నీళ్లు నలగవు. లోపల నీళ్లుండగా స్టార్ట్ చేస్తే పిస్టన్ వాటికి తగిలి ఆగిపోయి, దాన్ని తోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తాళం ముట్టుకోకుండా బ్యాటరీ వైరు తీసేసి, బండిని లాగించుకుని వెళ్లి, నీళ్లు తోడించి, ఆయిల్ మార్పిస్తే ఇంజన్ బతికే అవకాశం ఉండేది. మీ బండి ఎప్పుడైనా నీళ్లలో మునిగితే ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. తాళం తిప్పొద్దు.

రిపేరుకి ఎస్టిమేట్ 95,000. వానకి ముందు రోజు అమ్మి ఉంటే కారుకి మహా అయితే లక్షా ముప్పై వచ్చేది.

ఇన్సూరెన్స్ సంగతి కూడా దాచకుండా చెప్తాను. అంతకు ముందు సంవత్సరం రెన్యూవల్ అప్పుడు "పాత కారేగా" అనుకుని థర్డ్ పార్టీ ఒక్కటే ఉంచి మిగతాది తీసేశాను. దాదాపు 4,200 రూపాయలు మిగిలాయని సంతోషపడ్డాను కూడా. మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ తప్పనిసరి. కానీ అది మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి. వరదలో మన బండికి జరిగిన నష్టం 'ఓన్ డ్యామేజ్' కిందికి వస్తుంది, అది నా దగ్గర లేదు. ఉన్నా కూడా, మునిగాక స్టార్ట్ చేసి చెడగొట్టుకున్న ఇంజన్‌కి మామూలు పాలసీలో సాధారణంగా డబ్బు ఇవ్వరు. దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ వేరే ఉండాలి. పాత బండ్లకి అది దొరకడం కష్టం.

వాన మన చేతిలో లేదు. తాళం తిప్పింది నేను, ఇన్సూరెన్స్ తగ్గించింది నేను. ఇలాంటప్పుడు "అంతా కర్మ" అని అన్నిటినీ ఒకే మూటలో కట్టేయడం చాలా తేలిక. అలా కడితే నేర్చుకోవాల్సింది కూడా మూటలోనే ఉండిపోతుంది.

మొదటి పాఠం: ఒంటి మీది బట్ట విసరొద్దు

ఇప్పుడు కథలోకి వద్దాం. ధర్మరాజు జూదంలో అన్నీ పోగొట్టుకుని అడవిలో ఉన్నాడు. అర్జునుడు అస్త్రాల కోసం వెళ్లాడు. దిగులుగా ఉన్న ధర్మరాజు బృహదశ్వ మహర్షిని, నాకంటే దురదృష్టవంతుడైన రాజు ఎవరైనా ఉన్నాడా అని అడుగుతాడు. అప్పుడు మహర్షి చెప్పిన కథే నలుడిది. మన తెలుగు భారతంలో ఈ కథ అరణ్యపర్వంలో నన్నయగారి భాగంలో వస్తుంది.

నలుడు తమ్ముడు పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్నాడు. కట్టుబట్టతో దమయంతిని తీసుకుని అడవికి వెళ్లాడు. ఆకలి. ఎదురుగా బంగారు రంగు రెక్కల పక్షులు కొన్ని కనిపించాయి. వాటిని పడితే ఈ పూట తిండీ అవుతుంది, డబ్బూ అవుతుంది అనుకుని ఒంటి మీదున్న ఒకే ఒక్క బట్ట తీసి వాటి మీద వేశాడు. పక్షులు ఆ బట్టతో సహా ఎగిరిపోయాయి. పోతూ పోతూ, మేం పక్షులం కాదు, నిన్ను ఓడించిన పాచికలమే, నీకు బట్ట మిగలడం కూడా మాకు నచ్చలేదు అని చెప్పాయి.

ఈ ఘట్టం చిన్నప్పటి నుంచి వింటున్నాను. వ్యాసులవారు ఎంత తెలిసి రాశారో కారు పోయిన వారంలోనే అర్థమైంది.

ఎందుకంటే మూడో రోజుకే నేను షోరూమ్‌లో ఉన్నాను. కొత్త కారు ఆన్-రోడ్ తొమ్మిదిన్నర లక్షలు. లక్షన్నర డౌన్ పేమెంట్, ఎనిమిది లక్షలు లోన్. తొమ్మిదిన్నర శాతం వడ్డీ, ఏడేళ్లు, నెలకి 13,075. "రోజుకి నాలుగు వందల ముప్పై అయిదు రూపాయలే సార్" అన్నాడు ఆ అబ్బాయి. డౌన్ పేమెంట్ ఎక్కడి నుంచి? మా ఇంట్లో అత్యవసరానికని దాచిన ఎఫ్‌డీ ఒక్కటే ఉంది, 2,10,000. అది విరగ్గొడితే సరిపోతుంది. సంతకం పెట్టడానికి పెన్ను కూడా తీశాను.

మా ఆవిడ మెల్లగా అడిగింది. "ఏమండీ, రేపు అత్తయ్యగారికి రెండో మోకాలికి కూడా ఆపరేషన్ అంటే?"

పెన్ను జేబులో పెట్టుకుని వచ్చేశాను.

నష్టం వచ్చినప్పుడు దాన్ని వెంటనే పూడ్చేయాలనే తొందర వస్తుంది. ఆ తొందరలో పోయినదాని కంటే ఉన్నదే ఎక్కువ పోతుంది. పోయింది లక్షా ముప్పై వేల విలువ చేసే కారు. నేను పెట్టబోయిన సంతకం విలువ లెక్కేస్తే, 13,075 చొప్పున 84 నెలలకి సుమారు 10,98,000. అందులో వడ్డీయే దాదాపు 2,98,000. ఆ వడ్డీలో మా పాత కారు లాంటివి రెండు వచ్చేవి.

ఇక్కడ దమయంతిని కూడా చూడండి. నలుడు ఇంకా ఆడుతుండగానే, ఎవరు చెప్పినా వినడం లేదని తెలిసిన క్షణంలో ఆవిడ సారథి వార్ష్ణేయుణ్ణి పిలిచి, రథంలో పిల్లలిద్దర్నీ పుట్టింటికి, కుండిన నగరానికి పంపేసింది. రాజ్యం ఆపలేకపోయింది, పిల్లల్ని కాపాడుకుంది. మన ఇంటి భాషలో చెప్పాలంటే ఆరోగ్య బీమా, పిల్లల ఫీజు, అత్యవసర నిధి ముందు పక్కన పెట్టేయాలి. వాటి మీద చెయ్యి వేయకుండా మిగిలినదాంట్లోనే కారు సంగతి ఆలోచించాలి.

రెండో పాఠం: వెనక పడినదాని కోసం రథం తిప్పొద్దు

కొత్తది వద్దనుకున్నాక మనసు ఇంకోవైపు లాగింది. 95,000 పెట్టి రిపేరు చేయించేద్దాం, నాన్న కారు కదా అని.

నలుడు తర్వాత బాహుకుడనే పేరుతో, గుర్తుపట్టలేని రూపంతో, అయోధ్య రాజు ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరాడు. ఒక రాజు ఇంకో రాజు రథం తోలుతున్నాడన్నమాట. దమయంతికి మళ్లీ స్వయంవరం అని కబురొచ్చి, ఒక్క రోజులో విదర్భ చేరాలని బయల్దేరారు. రథం గాలిలా పోతోంది. ఋతుపర్ణుడి ఉత్తరీయం జారి కింద పడింది. ఆపు, తెచ్చుకుందాం అన్నాడు రాజు. బాహుకుడు, అది అప్పుడే యోజనం వెనకపడింది, ఇక తెచ్చుకోలేం అని రథం ఆపకుండా తోలాడు.

నా కారు విషయంలో ఆ యోజనం ఎంతో మెకానిక్కే లెక్క చెప్పాడు. ఇంజన్ బాగుచేసినా, నీళ్లలో మునిగిన వైరింగ్, సెన్సార్లు ఆరు నెలల తర్వాత ఒక్కొక్కటిగా తుప్పు పట్టి ఇబ్బంది పెడతాయి. పైగా పదిహేనేళ్లు నిండితే ఆర్సీ రెన్యూవల్‌కి ఫిట్‌నెస్ చూపించాలి. మునిగిన బండి అని తెలిస్తే రిపేరు తర్వాత కూడా పాత ధర రాదు. ఇన్సూరెన్స్ కంపెనీలకి కూడా ఇలాంటి గీత ఒకటి ఉంది. రిపేరు ఖర్చు బండికి పాలసీలో రాసిన విలువలో, అంటే ఐడీవీలో, 75 శాతం దాటితే బండి మొత్తం పోయినట్టే లెక్క కడతారు. నా లెక్కలో 95,000 అంటే లక్షా ముప్పైలో 73 శాతం. గీత అంచున ఉంది. తర్వాత వచ్చే వైరింగ్ ఖర్చు కలిపితే ఎప్పుడో దాటేసింది.

అమ్మతో చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ప్రతి దసరాకి ఆ కారుకి పసుపు, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు పెట్టింది తనే. విని కాసేపు ఊరుకుంది. "పోయింది పోయింది బిడ్డా. కారుంటే మీ నాన్న ఉన్నట్టా? ఉన్నోళ్లను చూసుకో" అంది.

బాధపడటం తప్పేమీ కాదు. నలుడు కూడా ఏడ్చాడు. ఏడుస్తూనే రథం తోలాడు.

బండిని ఎలా పంపించాలి

ఇది చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మా వీధి చివర పాత సామాను కొనే ఆయన 32,000 క్యాష్ ఇస్తానన్నాడు. కాగితాలేవీ అక్కర్లేదన్నాడు. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్న స్క్రాపింగ్ కేంద్రం వాళ్లు 24,000 ఇస్తామన్నారు. ఎనిమిది వేలు తేడా. నిజం చెప్తున్నా, ఆ రోజు ఎనిమిది వేలు చిన్న మొత్తం కాదు.

కానీ ఆర్సీ రద్దు కాకుండా బండి వెళ్లిపోతే, రికార్డుల్లో ఆ బండి ఇంకా మనదే. ఆ నంబర్ ప్లేటు, ఛాసిస్ నంబరు వేరే బండి మీద కనిపిస్తే పోలీసులు వచ్చేది మన ఇంటికే. బండి పూర్తిగా పాడై ఇక వాడే పరిస్థితి లేకపోతే, 14 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేసి ఆర్సీ అప్పగించాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 చెప్తుంది. నాన్న నంబరు ఎవరో దొంగ బండి మీద తిరగడం ఊహించుకుంటేనే ఒప్పుకోలేకపోయాను. 24,000కే ఇచ్చాను.

చేసిన పనులు వరుసగా ఇవి:

1. పెండింగ్ చలాన్లు కట్టేశాను.
2. ఆర్సీ, ఆధార్, పాన్, క్యాన్సిల్డ్ చెక్కు ఇచ్చాను. మీ బండి ఇంకా చనిపోయినవారి పేరు మీదే ఉంటే, ముందు ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్పించుకోవాలి.
3. కేంద్రం వాళ్లు ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ జాగ్రత్త చేశాను. తర్వాత కొత్త బండి కొంటే దాని రిజిస్ట్రేషన్ ఫీజులో, రాష్ట్రాన్ని బట్టి రోడ్ టాక్స్‌లో తగ్గింపు వస్తుంది. సొంత వాహనాలకి రోడ్ టాక్స్ తగ్గింపు 25 శాతం దాకా ఉండొచ్చని కేంద్రం నిబంధన. దానికి గడువు ఉంటుంది, చూసుకోండి.
4. స్క్రాప్ చేసిన సర్టిఫికెట్ వచ్చాక ఆర్సీ రద్దయిందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకున్నాను.
5. ఫాస్టాగ్ మూసేయించి డిపాజిట్ వెనక్కి తీసుకున్నాను. ఇన్సూరెన్స్ రద్దు చేయించాను. మీకు ఓన్ డ్యామేజ్ పాలసీ ఉండి నో క్లెయిమ్ బోనస్ కూడి ఉంటే, దాన్ని నిలుపుకునే లెటర్ అడగండి. మూడేళ్ల లోపు కొనే కొత్త బండికి అది వాడుకోవచ్చు.

లాగే బండి వచ్చిన రోజు అమ్మ కర్ర పట్టుకుని కిందికి దిగి కొబ్బరికాయ కొట్టింది. వచ్చిన కుర్రాడు పాపం చెప్పులు విప్పి నిలబడ్డాడు.

మూడో పాఠం: చెట్టు దగ్గర ఆగి లెక్కపెట్టు

కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. ఉత్తరీయం కోసం ఆగని బాహుకుడు కాసేపటికే ఒక తాండ్ర చెట్టు దగ్గర ఆగిపోయాడు. ఋతుపర్ణుడు రథంలోంచి ఒక్క చూపు చూసి ఆ చెట్టు కొమ్మల మీద ఆకులెన్నో కాయలెన్నో చెప్పేశాడు. బాహుకుడు నమ్మలేదు. ఆలస్యమవుతుందని రాజు కంగారు పడుతున్నా దిగి లెక్కపెట్టాడు. సరిగ్గా సరిపోయింది. అప్పుడు తనకి తెలిసిన అశ్వహృదయం రాజుకి ఇస్తానని మాటిచ్చి, ఆయన దగ్గరున్న అక్షహృదయం, అంటే పాచికల లెక్కల విద్య, నేర్చుకున్నాడు. ఆ విద్య లోపలికి వెళ్లగానే ఇన్నాళ్లూ ఒంట్లో ఉన్న కలి బయటికి వచ్చేశాడు.

దీన్ని జూదం నేర్చుకోమన్నట్టు తీసుకోకండి. నేను తీసుకున్నది ఇది. లెక్క తెలియకుండా ఆడి పోగొట్టుకున్నవాడి లోపలి కలి, లెక్క తెలిసిన రోజున వెళ్లిపోయాడు. కథ చివర బృహదశ్వుడు ధర్మరాజుకి ఓదార్పు ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు. ఆ అక్షహృదయాన్ని కూడా నేర్పి వెళ్లాడు.

మా చెట్టు ఏంటంటే, నాన్న నోటు పుస్తకం. కారు ఖాళీ చేసేటప్పుడు డ్యాష్‌బోర్డ్ అరలో తడిసి ముద్దై దొరికింది. డాబా మీద రెండు రోజులు ఎండబెట్టాం. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, లీటర్లు, రూపాయలు. ఆయన పోయిన తర్వాత పేజీలన్నీ ఖాళీ. నేను ఒక్కసారి కూడా రాయలేదు.

ఆ రాత్రి ఫోన్‌లో ఏడాది పేమెంట్లు తీసి ఆ ఖాళీ పేజీల్లో మేమిద్దరం కూర్చుని రాశాం. నెల లెక్క ఇలా తేలింది:

పాత కారుకి పెట్రోలు 4,400, సర్వీసు, రిపేర్లు 2,200, ఇన్సూరెన్స్ 200. మొత్తం 6,800.

కొత్త కారు కొంటే కిస్తీ 13,075, పెట్రోలు 3,600, ఇన్సూరెన్స్ 2,500, సర్వీసు 900. మొత్తం 20,075.

కారే లేకపోతే? అమ్మ ఫిజియోథెరపీకి నెలకి పదహారు క్యాబ్ ట్రిప్పులు 2,720. ఆదివారాలు గుడికి, చుట్టాల ఇళ్లకి 2,200. పాప స్కూలు ఆటో 1,200. సూర్యాపేట దగ్గర మా ఊరికి బస్సు, అక్కడి నుంచి ఆటో కలిపి నెల సగటు 900. అమ్మకీ మా ఆవిడకీ ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేదు కదా, అందుకే అంత తక్కువ. నా ఆఫీసుకి ఎలాగూ నాగోల్ నుంచి మెట్రోనే. మొత్తం 7,020.

మూడు రోజులు నిద్రపోనివ్వని సమస్య విలువ నెలకి 220 రూపాయలు. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుని నవ్వుకున్నాం.

అందరికీ ఇదే జవాబు రాదండి. ఊరి బయట ఉండి క్యాబ్ దొరకనివాళ్లకి, కారే జీవనాధారమైనవాళ్లకి లెక్క వేరేగా తేలుతుంది. వాళ్లు కొనాల్సిందే, మంచి సెకండ్ హ్యాండ్ బండి చూసి, చిన్న లోన్‌తో, తక్కువ ఏళ్లకి. జవాబు ఏదైనా చెట్టు దగ్గర ఆగి లెక్కపెట్టాకే రావాలి.

ఇప్పుడు ఎలా ఉన్నాం

కిస్తీ కట్టగలం అనుకున్నప్పుడు అందులో కొంత మనకి మనమే కట్టుకోవచ్చు కదా. నెలకి 8,000 రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాం. దానికి 'రథనిధి' అని పేరు పెట్టింది మా ఆవిడ. పది నెలలయింది, వడ్డీ కాకుండా 80,000. కారు స్క్రాప్ డబ్బు 24,000 కలిపితే 1,04,000. ఇంకో ఏడాది ఆగితే మంచి పాత కారు అప్పు లేకుండా వస్తుంది.

నాలుగో నెలలో అమ్మకి రెండో మోకాలి ఆపరేషన్ నిజంగానే అయింది. ఇన్సూరెన్స్ పోను చేతి నుంచి 68,000. ఎఫ్‌డీలోంచి తీశాం. ఆ రోజు ఆసుపత్రి బిల్లు కౌంటర్ దగ్గర నిలబడి షోరూమ్‌లో తీసిన పెన్ను గుర్తొచ్చింది. చేతులు కాస్త వణికాయి.

కష్టాలు లేవని చెప్పను. వాన పడితే క్యాబ్ రేటు రెండింతలవుతుంది. ఒకటి రెండు పెళ్లిళ్లకి ఆలస్యంగా వెళ్లాం. "కారు అమ్మేశారటగా, ఏమైంది?" అని అడిగిన చుట్టాలు ఉన్నారు. మొదట్లో ఏదో ఒకటి సర్దిచెప్పేవాణ్ణి. ఇప్పుడు "మునిగిపోయింది, డబ్బు కూడబెడుతున్నాం" అని చెప్పేస్తున్నాను.

ఈ వారం సాధన

పూజ అయ్యాక అరగంట కూర్చోండి. ఒకటి, మీ బండి ఇన్సూరెన్స్ కాగితం తీసి అది థర్డ్ పార్టీనా, ఓన్ డ్యామేజ్ కూడా ఉందా, ఐడీవీ ఎంత అని చూడండి. రెండు, గత ఏడాది బండి మీద పెట్టిన ఖర్చు రాసి పన్నెండుతో భాగించండి. మూడు, రేపు పొద్దున బండి లేకపోతే నెలకి ఎంతవుతుందో దాని పక్కనే రాయండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. వాళ్లకి మనకంటే లెక్క బాగా తెలుసు.

నాన్న పుస్తకంలో ఇప్పుడు నా రాత ఉంది. తేదీ, ఎక్కడికి, ఎంత. కారు లేదు, లెక్క నడుస్తోంది.

వచ్చే వారం దమయంతి నలుణ్ణి ఎలా గుర్తుపట్టిందో చెప్పుకుందాం. అందాకా సెలవు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.